ఆదాయం రెండు వేలు

(పరాభవ నామ సంవత్సర ఉగాది సభలో మా సంఘం మహిళా విభాగం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం అయినది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని శాస్త్రులుగారు చదువుతూ ఉంటే మనమందరం మన రాశి వచ్చేదాకా చెవులు రిక్కించి కూర్చున్నాము. ఆదాయం తక్కువ వచ్చినవారు నవ్వేశారు. వ్యయం ఎక్కువ వచ్చినవారు తమ ఇల్లాండ్ర వైపు ఓరగా చూశారు. మనకు ఈ నాలుగు అంకెలూ ఒక పూట వేడుక. ఈ నాలుగు అంకెలతోనే మూడు వందల అరవై రోజులూ గడిపే ఇల్లు ఒకటి ఉన్నది. ఆ ఇంటి లెక్క మీ ముందు పెట్టడానికే మాకు ఈ అరగంట ఇచ్చారు. లెక్క అంటే భయపడకండి. గుండిగలో పులిహోర చల్లారేలోగా ముగిస్తాము.

ఆ ఇల్లు బాగేపల్లి తాలూకాలో ఉన్నది. బెంగుళూరు నుండి హైదరాబాదు పోయే పెద్ద రోడ్డు మీద వంద కిలోమీటర్ల దూరం. చిత్రావతి ఒడ్డు సీమ. ఏటిలో నీరు ఉండే రోజుల కంటే ఇసుక ఉండే రోజులే ఎక్కువ. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడం. మన సంఘం ఏటా ఉగాదికి చీరెలు, బియ్యం పంచి వచ్చే పల్లెలలో ఇది ఒకటి గనుక మీలో కొందరు చూసే ఉంటారు. ఆ ఇంటి పేరు గాని, ఊరి పేరు గాని మేము చెప్పబోవడం లేదు. వారి అప్పూ సప్పూ ఇంత సభలో చెప్పడానికి ఒప్పుకోవడమే గొప్ప. పేరు కూడా చెప్పమనడం న్యాయం కాదు.

ఇంట్లో ఐదుగురు. అరవైకి దగ్గరపడిన అవ్వ, ఆమె కొడుకు, కోడలు, ఎనిమిదో తరగతి చదివే మనమరాలు, దానికంటే మూడేండ్లు చిన్నవాడైన మనమడు. రెండెకరాల మెట్ట. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే బీడు. ఒక పాడి ఆవు ఉండేది, అమ్మేశారు. అమ్మిన కారణం వేరే చెప్పనక్కరలేదు, అప్పు.

ఆ అప్పు సంగతి ముందు చెప్పాలి. మేము మొదటిసారి ఆ ఇంటికి పోయేనాటికి పదిహేను వేలు అప్పు. నూటికి నెలకు నాలుగు రూపాయల వడ్డీ. నెలకు ఆరు వందలు. మూడేండ్లుగా కడుతున్నారు. మేము ముగ్గురం వారి అరుగు మీద కూర్చుని వేళ్ల మీద లెక్క వేసి చూస్తే ఇరవై ఒక్క వేల ఆరు వందలు కట్టి ఉన్నారు, అసలు మాత్రం పదిహేను వేలు పదిహేను వేలుగానే నిలిచి ఉన్నది. కొంచెం కొంచెంగా అసలు తీర్చవచ్చుగదా అని మా బోటివాళ్లం అడుగుతాం, అడిగాము కూడా. అవ్వ నవ్వింది. "ఐదు వేలకు తక్కువైతే అసలు కింద జమ కట్టుకోడమ్మా ఆ అయ్య. ఐదు వేలు ఒక్కసారి మా చేతిలో ఎప్పుడుంటుంది?" అన్నది. ఆర్థికశాస్త్రం చదివిన వారికి ఇది ఒక పాఠం, ఆ ఇంటికి ఇది నెలకు రెండు రోజుల కూలి. 2023-24లో కర్ణాటకలో ఉపాధి హామీ పని కూలి రోజుకు 316 రూపాయలు. నెలలో రెండు రోజులు ఆ మనిషి వడ్డీ కోసమే గడ్డపార పట్టుకొన్నాడన్నమాట.

ఇంకొక మెలిక ఉన్నది. అప్పిచ్చినాయనే చెనిక్కాయ వ్యాపారి. కోత కాగానే కాయ ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి. దీనికి కాగితం లేదు, ఒప్పందం లేదు. అయినా ఆ మాట దాటిన వారు లేరు.

2023 జూలైలో కర్ణాటక ప్రభుత్వం గృహలక్ష్మి అనే పథకానికి దరఖాస్తులు తీసుకోవడం మొదలుపెట్టింది. రేషను కార్డులో ఇంటి యజమానురాలుగా ఉన్న స్త్రీకి నెలకు రెండు వేల రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇంట్లో ఆమెగాని భర్తగాని ఆదాయపు పన్ను కట్టేవారైతే లేదు. ఆగస్టు 30న మైసూరులో ప్రారంభోత్సవం జరిగింది. రాష్ట్రమంతటా కోటి మందికి పైగా ఆడవారికి వర్తించినది. దరఖాస్తులు నింపడంలో సాయం చేద్దామని మేము ముగ్గురం ఆ పల్లెకు పోయాము. సాయమంటే గొప్పగా ఊహించుకోకండి. ఆధారు కార్డులో "అమ్మ" ఉండి రేషను కార్డులో "అమ్మ" లేని పేర్లు, పుట్టిన ఏడు ఒకదానిలో ఒకటి, ఇంకొకదానిలో ఇంకొకటి, చచ్చిపోయిన మామగారు ఇంకా యజమానిగా ఉన్న కార్డులు, వీటిని వేరుచేసి కూర్చోవడమే మా సాయం. ముసలివారి వేలిముద్ర యంత్రానికి అందదు. జన్మంతా కలుపు తీసిన వేళ్లు, ముద్ర ఎక్కడ మిగులుతుంది? కొబ్బరినూనె రాసి, తుడిచి, మళ్లీ పెట్టించి, అట్లా ఒక పూట గడిచేది.

ఈ ఇంట్లో చిక్కు ఇంకొకటి వచ్చిపడింది. కార్డులో యజమానురాలు అవ్వ. డబ్బు అవ్వ ఖాతాలో పడుతుంది. కోడలు మొగం చిన్నబుచ్చుకొన్నది. "వంట నాది, పిల్లల చాకిరి నాది, కూలి నాది, లక్ష్మి మాత్రం ఆమెదా?" అని మా ముందరే అన్నది. ఆ రోజుల్లో చాలా ఇండ్లలో ఇదే పోరు. కార్డులు వేరుచేయమని అత్తాకోడళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగినట్లు పత్రికలు రాశాయి, నవ్వులాట బొమ్మలు కూడా వేశాయి. మాకు నవ్వు రాలేదు. ఇంటి పనిలో ఎవరి పాలు ఎంత అని అడిగే అవకాశం ఆ కోడలికి అంతకుముందు వచ్చిందా? అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "దుడ్డు నా పేరున పడుతుంది, నాది కాదు, ఇంటిది. పాసుబుక్కు నువ్వు పెట్టుకో, వేలిముద్ర నేను వేస్తా" అన్నది. ఇద్దరూ కలిస్తేగాని పైసా కదలదు. ఇంత మంచి ఏర్పాటు మన సంఘం కోశాధికారికీ కార్యదర్శికీ మధ్య కూడా లేదని మా అభిప్రాయం. వారు క్షమింతురుగాక.

మొదటి డబ్బు సెప్టెంబరులో పడింది. ఆ సంవత్సరం మీకు గుర్తే. వాన లేదు. రాష్ట్రంలోని 236 తాలూకాలలో 223 కరువు తాలూకాలుగా ప్రభుత్వమే ప్రకటించింది. బాగేపల్లి సీమలో చెనిక్కాయ ఊడలు దిగకుండానే ఎండిపోయినది. మామూలు కరువు సంవత్సరమైతే ఏమి జరిగేదో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. దసరా దాటగానే తలుపుకు తాళం వేసి నలుగురూ బెంగుళూరు వచ్చేవారు. మేడలు కట్టేచోట రేకుల పాక, మొగుడు పెళ్లాం ఇద్దరికీ ఇటుకల మోత, పిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ పాకలో. ఉగాదికి తిరిగి పోయేసరికి పిల్లకు ఆ సంవత్సరం చదువు పోయి ఉండేది. అంతకుముందు ఒకసారి అట్లా ఒక తరగతి పోగొట్టుకొన్నది కూడా.

2023లో కొడుకు ఒక్కడే వచ్చాడు. తక్కినవారు ఊళ్లోనే ఉన్నారు. రెండు వేలతో కుటుంబం బతకదు, అది మేమూ ఎరుగుదుము. కాని రెండు వేలూ, కోడలి కూలీ, కొడుకు పంపిన డబ్బూ కలిస్తే పిల్లలను బడి మానిపించకుండా గడిచింది. ఈ రెండు వేలు లేనప్పుడు తక్కిన రెండూ చాలేవి కావు. గోడకు ఒక రాయి తక్కువైనప్పుడు కప్పు నిలవదు. ఆ ఒక్క రాయే ఇల్లు కట్టిందనీ అనలేము, ఆ రాయి దండుగ అనీ అనలేము.

అదే జూలై నుండి ఇంకొక డబ్బు కూడా వచ్చేది. అన్నభాగ్య పథకం కింద అదనంగా ఇస్తామన్న ఐదు కిలోల బియ్యం దొరకనందున, కిలోకు 34 రూపాయల లెక్కన మనిషికి 170 రూపాయలు కార్డు యజమాని ఖాతాలో వేశారు. ఐదుగురికి 850. దీనితో అవ్వ రాగులు కొన్నది. ఆ సీమలో పనికి పోయే మనిషికి సంగటే ఆధారం, అన్నం పండుగ తిండి. కందిబేడలు కూడా కొన్నది. మాకిది బాగా నచ్చింది. ఎవరికి ఏమి కావాలో వారికే తెలుసునని అనుకొన్నాము. అయితే పక్క వీధిలో ఒకావిడ మమ్మల్ని నిలదీసింది. "కిలో 34కు బియ్యం ఏ అంగడిలో ఉన్నాయో చూపించండి, నేను పోయి తెచ్చుకుంటా" అన్నది. ఆమె మాటకు మా దగ్గర జవాబు లేదు. డబ్బు అంకె కాగితం మీద నిలిచి ఉంటుంది, ధర అంగడిలో పెరుగుతుంది. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆ డబ్బు ఆపి మళ్లీ బియ్యమే ఇవ్వనారంభించింది. అవ్వ విచారించింది, పక్క వీధి ఆవిడ సంతోషించింది. ఇద్దరూ న్యాయంగానే ఉన్నారు.

ఇప్పుడు అప్పు దగ్గరికి తిరిగి వద్దాము. మొదటి మూడు నెలల డబ్బు ఇంటి గోతులు పూడ్చడానికే సరిపోయింది. అంగడి బాకీ, పిల్లకు చెప్పులు, అవ్వ కంటికి మందు. నాలుగో నెల నుండి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలోనే వదిలిపెట్టారు. ఇది చిన్న మాటగా కనబడుతుంది. ఇంట్లో డబ్బాలో పెట్టిన వెయ్యి రూపాయలు నిలవవు. చుట్టం వస్తాడు, జ్వరం వస్తుంది, కొడుకు స్నేహితుడు వస్తాడు. పన్నెండు కిలోమీటర్ల అవతల బ్యాంకులో ఉన్న వెయ్యి నిలిచింది. కోడలి దగ్గర పాసుబుక్కు, అవ్వ దగ్గర వేలు. ఐదు వేలు అయిన రోజు ఇద్దరూ బస్సెక్కి పోయారు. 2023 జూన్ నుండి ఆడవారికి ప్రభుత్వ బస్సులో టికెట్టు లేదు గనుక ఆ ఖర్చు కూడా లేదు. డబ్బు తీసుకొని నేరుగా అప్పిచ్చినాయన అంగడికి పోయి బల్ల మీద పెట్టారు. ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకొన్నాడట. వడ్డీ ఆరు వందలు నాలుగు వందలైంది. మిగిలిన రెండు వందలు కూడా ఖాతాలోకే పోయాయి. తరువాత నాలుగు వందలు రెండు వందలైంది. కొన్ని నెలల డబ్బు ఆలస్యంగా పడినందున అనుకొన్నంత తొందరగా కాలేదు. 2025 సంక్రాంతికి ముందు మూడో ఐదు వేలు కట్టి నోటు చింపించుకొని వచ్చారు. చింపిన ముక్కలు అవ్వ దేవుని గూట్లో పెట్టింది. ఎందుకమ్మా అంటే, మళ్లీ అతికించి తెస్తాడేమోనని భయమట!

ఆ సంవత్సరం కోతల తరువాత చెనిక్కాయ మూటలు ఇంట్లోనే ఉంచుకొన్నారు. ఎన్ని మూటలని అడిగితే దిష్టి తగులుతుందని చెప్పలేదు. ధర చూసుకొని వేరే మండీకి వేశారు. ఆ వచ్చిన ఎక్కువ ఎంత అనేది వారి ఇష్టం, వారి గుట్టు. కాని చాలా ఏండ్ల తరువాత తమ కాయను తమకు తోచిన చోట అమ్ముకొన్నారు. ఆదాయ వ్యయాలు ఇంతవరకు చెప్పాము. పంచాంగంలో తక్కిన రెండు అంకెలు ఉన్నాయి గదా, వాటి మాట.

ఊళ్లో ఒకటే అంగడి. అప్పు పద్దున్న ఇంటి ఆడది అంగడికి పోతే ముందు నిలబడదు. రొక్కం ఇచ్చేవారందరూ కొనుక్కొని పోయేదాకా పక్కన స్తంభానికి ఆనుకొని నిలబడుతుంది. అంగడాయన పిలిచినప్పుడు పోతుంది. పుచ్చువంకాయలు, అడుగున మిగిలిన బెల్లం ఇస్తే మాట్లాడదు. ఇది ఎవరూ పెట్టిన ఆచారం కాదు. కోడలు చెప్పేదాకా మాకు తెలియనే తెలియదు, మేము ఇన్నేండ్లు ఆ అంగడిలో సోడా తాగి వచ్చినవాళ్లమే. డబ్బు పడిన తరువాత ఏమి మారిందమ్మా అని ఆమెను అడిగితే, అప్పు తీరిందనలేదు, కాయ అమ్ముకొన్నామనలేదు. "అంగట్లో ముందర నిలబడతాండాను" అన్నది. రాజపూజ్యమంటే ఇంతకంటే వేరే ఏమి ఉంటుందో శాస్త్రులుగారే చెప్పాలి.

డబ్బు ఆలస్యమైన నెలల్లో ఆ స్తంభం మళ్లీ తప్పలేదు. ఒక్కోసారి రెండు నెలలవి కలిసి వచ్చేవి. మొత్తం తగ్గలేదు గదా అని మనబోటి వారు అంటారు. జీతం ఒకటో తేదీన పడకపోతే మనమేమంటామో గుర్తు చేసుకొంటే చాలు.

మన సభ్యులు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. ఊరికే డబ్బిస్తే సోమరులు కారా? తాగి తగలేయరా? అడగవలసిన ప్రశ్నే. ఆ పల్లెలో అట్లాంటి ఇల్లు ఒకటి ఉన్నది, దాచడమెందుకు. ఆ నెల ఆమె డబ్బు ఆమె మొగుడు లాగుకొని పోయాడు. అయితే పథకం రాకముందు ఆమె కూలి డబ్బులు కూడా అతను లాగుకొనేవాడు. ఒక ఇంటిని చూసి ఊరిని కొలవకూడదు, మంచికి గాని చెడుకు గాని. అందుకని పెద్ద పరిశీలనలు ఏమంటున్నవో కూడా చదివి వచ్చాము.

మధ్యప్రదేశ్‌లో ఇందూరు ప్రాంతపు పల్లెలలో 2011, 2012 సంవత్సరాలలో ఒక ప్రయోగం జరిగింది. స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవా', యునిసెఫ్ కలిసి జరిపినవి. ఎనిమిది పల్లెలలో అందరికీ, ధనికుడు పేద అనకుండా, పెద్దవారికి నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఇచ్చారు. తరువాత 300, 150 చేశారు. అట్లా ఇవ్వని పల్లెలతో పోల్చి చూశారు. ఒక గిరిజన గ్రామంలోనూ ఇట్లాగే చేశారు. ఈ పరిశోధన నడిపిన వారిలో హైదరాబాదుకు చెందిన దావల శరత్ ఉన్నారు, మనవారని చెప్పుకోవడానికి సంతోషం. ఆయనా, రెనానా ఝాబ్‌వాలా, సౌమ్య కపూర్ మెహతా, గై స్టాండింగ్ కలిసి ఆ ఫలితాలను 2015లో గ్రంథంగా వెలువరించారు. పిల్లల బరువు మెరుగుపడింది, బడికి పోవడం పెరిగింది, మేకలు ఆవులు పెరిగాయి. తాగుడు పెరగలేదు. పని తగ్గలేదు సరిగదా, ఇతరుల పొలంలో కూలి చేసేవారు సొంత పొలం మీద ఎక్కువ పని చేశారు. విత్తనం కొనేందుకు చేతిలో డబ్బుంటే మనిషి తన పొలంలోకి పోతాడు. ఇది తెలుసుకోవడానికి ప్రయోగం అక్కరలేదని అవ్వ అంటుంది, అయినా జరగడం మంచిదే అయినది.

తాగుడు సంగతి ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇద్దరు పరిశోధకులు 2014లో దేశదేశాల లెక్కలు కూర్చి చూశారు. నగదు సాయం వచ్చిన ఇండ్లలో సారాయి, పొగాకు ఖర్చు పెరిగినట్లు కనబడలేదు. ఇక ధరలు పెరుగుతాయన్న భయం. ఆఫ్రికాలోని కెన్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ పది వేలకు పైగా పేద కుటుంబాలకు తలా వెయ్యి డాలర్లు ఇచ్చింది. 2022లో అచ్చయిన పరిశీలన ప్రకారం, ఇచ్చిన ఒక్కొక్క డాలరుకు ఆ చుట్టుపక్కల రాబడి రెండున్నర డాలర్ల దాకా పెరిగింది, ధరలు నూటికి ఒక పాలు కూడా పెరగలేదు. డబ్బు తీసుకొన్నవాడు కొన్నాడు, అమ్మినవాడు దర్జీకి ఇచ్చాడు, దర్జీ కోడి కొన్నాడు. మన పల్లె అంగడాయన కూడా 2024లో కొత్తగా తక్కెడ తీసివేసి కాటా యంత్రం పెట్టాడు. ఆడవారి అప్పు పద్దు పలుచబడితే ఆయనకు నష్టమనుకొన్నాము, మా ఊహ తప్పు.

మనవారు ఉన్న తక్కిన రాష్ట్రాలలోనూ ఇదే గాలి. తమిళనాడులో 2023 సెప్టెంబరు 15న నెలకు వెయ్యి రూపాయలు మొదలుపెట్టారు. దానిని 'ఉరిమై తొగై' అన్నారు, అంటే హక్కు సొమ్ము. ఆ పేరు మాకు అన్నిటికంటే నచ్చింది. మహారాష్ట్రలో 2024 జూలై నుండి 'లాడ్కీ బహిణ్' కింద నెలకు 1,500. ఒడిశాలో 2024 సెప్టెంబరు 17న 'సుభద్రా', ఏడాదికి పది వేలు రెండు కంతులలో, ఐదేండ్లపాటు అన్నారు. యానాం ఉన్న పుదుచ్చేరిలో 2015 నుండే రేషను బియ్యానికి బదులు డబ్బు వేసి చూశారు. ఎన్నికలకు ముందు ఇవి ఎక్కువగా పుడుతున్నవన్న మాట నిజమే. ఎక్కడ పుట్టాయన్న దానికంటే ఎవరికి అందలేదన్నది మాకు ముఖ్యంగా తోచింది. తెలంగాణలో 2018 మే నుండి ఇచ్చిన రైతుబంధు గాని, కేంద్రం 2019లో మొదలుపెట్టిన ఏడాదికి ఆరు వేల సాయం గాని పట్టా ఉన్న రైతుకే. కౌలుకు దున్నేవాడు చేను పక్కన నిలబడి చూశాడు. మన పల్లెలోనూ ఊరి చివర ఒక విధవరాలు ఉన్నది. పుట్టింటి కార్డులో పేరు తీసివేశారు, అత్తవారి కార్డులో చేర్చలేదు. ఏ కార్డూ లేనిది ఏ ఇంటికీ యజమానురాలు కాదు. మేము నాలుగుసార్లు తిరిగాము. చివరిసారి పోయేనాటికి కూడా పని కాలేదు. అందరికంటే డబ్బు అవసరమైన ఇల్లు అదే.

ఇక మన ఇంటి మాట. అసలు దీనికోసమే మేము లేచి నిలబడ్డాము.

మన సంఘం ఏటా అరవై కుటుంబాలకు ఒక చీరె, పది కిలోల బియ్యం, ఒక స్టీలు గిన్నె ఇస్తున్నది. ఇంటికి 1,200 లెక్కన 72,000 రూపాయలు. ఆ సామాను తీసుకుపోయే లారీ, అక్కడ షామియానా, బ్యానరు, ఫొటోగ్రాఫరు, మన భోజనాలు కలిపి ఇంకొక 31,000. ఈ లెక్క మాదే, పోయిన ఏటి రసీదులు చూసి వేసినది. రాగులు తినేచోటికి బియ్యం మోసుకొనిపోయింది మనమే. 2022లో మేమే ఎంచి తెచ్చిన 450 రూపాయల చీరెను కోడలు రెండు వందలకు అమ్ముకొన్నది. అడిగితే తల వంచుకొని చెప్పింది. పిల్లకు జ్వరం, ఆ రోజు చేతిలో ఉన్న వస్తువు అదొక్కటే. ఆమె తల వంచుకోవడం చూస్తే తప్పు ఎవరిదో మాకు తెలిసింది.

ఇంకొకటి. ఆ అరవై మందినీ ఎండలో వరుసగా నిలబెట్టి, చేతిలో చీరె పెట్టి, ఇటు చూడమ్మా అని ఫొటో తీయిస్తున్నాము. ఆ మనమరాలు ఇప్పుడు పదో తరగతి. రెండేండ్లుగా ఆ రోజున ఇంట్లో నుండి బయటికి రావడం లేదు. తన బడి స్నేహితుల ఫోనులో ఆ ఫొటో వచ్చిందట. మన తాతలు కోలారు గనులలోకి, మిల్లులలోకి పని వెతుక్కొంటూ వచ్చినప్పుడు ఇంటికి మనియార్డరు పంపేవారు. పోస్టుమాను ఇంటి ముందర లెక్కపెట్టి ఇచ్చిపోయేవాడు. కింది చీటీ మీద నాలుగు మాటలు, అంతే. తీసుకొన్న తల్లిని ఎవరూ వరుసలో నిలబెట్టలేదు.

కాబట్టి మహిళా విభాగం ప్రతిపాదన ఇది. మొత్తం 1,03,000 రూపాయలలో ఒక్కొక్క ఇంటికి 1,700 చొప్పున అరవై ఇండ్ల ఆడవారి ఖాతాలలో ఉగాదికి ముందు వేయాలి. అది 1,02,000 అవుతుంది. మిగిలిన వెయ్యి ఖాతా లేని వారి పనులకు, మొదట ఆ ఊరి చివర విధవరాలి కార్డుకు తిరగడానికి. ఆమెకు మాత్రం కార్డు వచ్చేదాకా డబ్బు చేతికే ఇవ్వాలి.

కార్యవర్గంలో ఇది సులభంగా సాగలేదు. మా పెద్దలలో ఒకరు, మమ్మల్ని కూతుళ్లలాగా చూసేవారు, లేచి అన్నారు: "అమ్మా, చీరె ఇస్తే మళ్లీ పోయినప్పుడు కట్టుకొని ఎదురొస్తారు. కళ్లారా చూస్తాను. ఖాతాలో డబ్బు వేస్తే నేను చూసేదేముంది?" ఆయన నలభై ఏండ్లుగా తన జేబులో నుండి ఇస్తున్నవారు. ఆ మాటకు మేము ఎదురు చెప్పలేదు. బాబాయిగారూ, ఒకసారి మాతో రండి అన్నాము. ఫిబ్రవరిలో వచ్చారు. షామియానా లేదు, మైకు లేదు. అవ్వ ఇంటి అరుగు మీద కూర్చున్నారు. సంగటి, చెనిక్కాయల చట్నీ పెట్టారు. ఇన్నేండ్లుగా ఆ ఊరికి పోతున్నా ఆ ఊళ్లో ఒక ఇంట్లో తినడం మాకందరికీ అదే మొదటిసారి. ఆయనకు రెండో ముద్ద వేస్తే వద్దనలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దేవనహళ్లి దాటిన తరువాత, "ఆ పిల్ల లెక్కల్లో గట్టిదిలా ఉన్నది" అన్నారు. ప్రతిపాదన మీద సంతకం చేశారో లేదో సభ తరువాత కార్యదర్శిగారిని అడగవచ్చును.

ఈ సంచికలో ఏటా చీరెల పంపిణీ ఫొటో వేసే పుట ఒకటి ఉంటుంది. ఈసారి ఫొటో లేదు గనుక, ఆ చోట మా ప్రసంగం అచ్చు వేస్తామని సంపాదకులు ఒప్పుకొన్నారు.